పొగబెట్టుడు – మాంసానికీ, మనిషికీ

1

తెలుగులో పొగబెట్టడం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి వంటింటి అర్థం: మాంసానికో చేపకో పొగ తగిలేట్టు చేసి నిలవ పెట్టుకోవడం. రెండోది పొలంగట్టు మీది నుంచి వచ్చింది. ఎలుక బొరియ ముందర గడ్డి కాల్చి పొగ లోపలికి ఊదితే ఎలుక తనంతట తానే బయటికొస్తుంది. మనిషిని పొమ్మనకుండా పోయేట్టు చేయడాన్ని కూడా మన జనం పొగబెట్టుడే అంటారు. ఈ వ్యాసం ఈ రెండు అర్థాల మధ్య ఉన్న చుట్టరికం గురించి. మొదటి పొగ పెట్టుకున్నందుకే రెండో పొగ తిన్నవాళ్లు ఈ నగరంలో వేలమంది ఉన్నారు. మా ఇల్లు కూడా అందులో ఒకటి.

మేం ఇబ్రహీంపట్నం వైపు పల్లె నుంచి బతకొచ్చి బాలాపూర్ దగ్గర రెండు గదుల కిరాయి ఇంట్లో ఉన్నాం. నాయిన మేస్త్రీ పని. దసరాకు ఊరికి పోయినప్పుడు అమ్మ పెద్దకూర కొంచెం ఎక్కువే తెచ్చుకునేది. వారలు వారలుగా కోసి, ఉప్పు పసుపు పట్టించి, డాబా మీద దండేనికి వేలాడేసేది. మొదటిసారి ఓనరు భార్య పైకొచ్చి చూసి ఏమీ అనలేదు. రెండోసారి, 'బట్టలకు వాసన పడుతుంది' అన్నది. మూడోసారి మాటల్లేవు. నల్లా మా వంతుకు అరగంట తగ్గింది. డాబా మెట్లకు తాళం పడింది. ఆ తర్వాత, 'మా పెద్దోనికి సంబంధాలు చూస్తున్నం, గదులు కావాలె' అన్నరు. కులం పేరు ఎవరూ ఎత్తలేదు. గొడ్డు అనే మాట కూడా ఎవరూ ఎత్తలేదు. నెల తిరక్కుండా మేం సామాను డీసీఎంలో వేసుకుని కర్మన్‌ఘాట్ వైపు పోయినం. మేం పోయిన నాలుగేండ్లకు కూడా వాళ్ల పెద్దోనికి పెండ్లి కాలేదని విన్నం.

ఇది పాత కథే కదా, ఇప్పుడెందుకు అని మిత్రులు అడగొచ్చు. ఎందుకంటే ఈ మధ్య ఎల్బీనగర్‌లో ఒక సహోద్యోగి ఇంటికి భోజనానికి పోయిన. ఆయన అపార్టుమెంటు వంటింట్లో గ్యాస్ స్టవ్ మీద ఒక స్టీలు పెట్టె పెట్టి, అందులో చేప ముక్కలకు పొగబెట్టి, మాకు గర్వంగా వడ్డించిండు. దాని పేరు స్టవ్‌టాప్ స్మోకర్ అట. ఇల్లంతా పొగ వాసన. లిఫ్టు దాకా వచ్చింది. పక్క ఫ్లాటాయన తలుపు తీసి, 'ఏం చేస్తున్నరండీ, ఘుమఘుమలాడుతుంది' అన్నడు.

మా అమ్మ దండెం మీది మాంసం వాసన 'కంపు' అయి, ఈ పెట్టెలోని చేప వాసన 'ఘుమఘుమ' ఎట్లయింది? పొగ ఒక్కటే, కట్టె ఒక్కటే, ఉప్పు ఒక్కటే. మారిందల్లా పొగబెట్టే చెయ్యి, ఆ చేతికున్న ఇల్లు.

2

ముందు ఈ పెట్టె సంగతి చూద్దాం. తెలియని దాన్ని విమర్శించడం మన పద్ధతి కాదు.

స్టవ్‌టాప్ స్మోకర్ అంటే మూత బిగువుగా పడే ఒక లోతు తక్కువ పెట్టె. అడుగున రెండు మూడు చెంచాల చెక్కపొట్టు పోస్తారు. దాని మీద నూనె, రసం కారితే పట్టుకోవడానికి ఒక పళ్లెం. ఆ పైన జాలీ. జాలీ మీద ఉప్పు పట్టించిన చేప, కోడి, మాంసం ఏదైనా పెట్టి, మూత వేసి, సన్నని మంట మీద ఉంచుతారు. చెక్కపొట్టు మండదు, రాజుకుని పొగ వస్తుంది. పెట్టెలోని వేడికి ముక్క ఉడుకుతుంది, పొగకు రంగూ వాసనా పడతాయి. పలచని చేప ముక్కలకు ఇరవై నిమిషాలు చాలు. కోడికి ఇంకా ఎక్కువ కావాలి. కొనలేనివాళ్లు పాత దేక్షా అడుగున అల్యూమినియం రేకు పరిచి, మామిడి, జామ కట్టెల పొట్టు వేసి, పైన జాలీ పెట్టి మూత బిగించినా ఇదే పని జరుగుతుంది. రంగు పూసిన చెక్క, ప్లైవుడ్ పొట్టు మాత్రం వాడకూడదు, దాని జిగురు పొగ విషం. చైనావాళ్లు చెక్కపొట్టు బదులు బియ్యం, చక్కెర, టీ ఆకు కలిపి కాల్చి ఆ పొగ పడతారు.

పొగలో ఏముంది? కట్టె పూర్తిగా మండకుండా రాజుకున్నప్పుడు దాంట్లోంచి ఫినాల్ జాతి పదార్థాలు, ఆమ్లాలు, ఫార్మాల్డిహైడ్ వంటివి వస్తాయి. ఇవి మాంసం పైపొరలో క్రిములను అడ్డుకుంటాయి, కొవ్వు ముక్క వాసన కొట్టకుండా ఆపుతాయి. అంటే పొగకు నిలవబెట్టే గుణం నిజంగానే ఉంది. కాని అది ఒంటరిగా పని చేయదు. ఉప్పు నీటిని లాగాలి, ఎండా గాలీ ఆ నీటిని తీసుకుపోవాలి. పచ్చిమాంసంలో మూడొంతులు నీళ్లే. ఆ నీళ్లు పోనంతవరకు ఎంత పొగ పట్టినా అది నిలవుండదు.

ఇక్కడే ఈ పెట్టె అసలు రూపం బయటపడుతుంది. ఇరవై నిమిషాల్లో నీళ్లు పోవు. పెట్టెలో పొగబెట్టిన చేప రెండు మూడు రోజులకు మించి, అదీ ఫ్రిజ్‌లో తప్ప, ఉండదు. ఉంటుందనుకుని గాలాడకుండా కట్టిపెడితే బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం పుట్టే ప్రమాదం కూడా ఉంది. ఈ పెట్టె ఆహారాన్ని దాచదు. ఆహారానికి వాసన పూస్తుంది, అంతే.

నేను దాన్ని అమ్మకు చూపించిన. పట్టుకొచ్చి మా ఇంట్లనే స్టవ్ మీద పెట్టిన. ఆమె మూత ఎత్తి చూసింది, ఒక ముక్క నోట్లో వేసుకుంది. 'బాగనే ఉంది' అన్నది. తర్వాత, 'ఎన్ని దినాలుంటది?' అని అడిగింది. రెండు దినాలని చెప్పిన. 'గిది పొగబెట్టుడు గాదు బిడ్డా, పొగ జూపుడు' అన్నది.

ఈ వ్యాసంలో నేను చెప్పబోయేదంతా నిజానికి ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

3

తెలంగాణలో వట్టి తునకలు అంటే తెలియని వాడ లేదు. కోస్తాలో ఉప్పుకండ అంటారు. మరాఠ్వాడా మహర్, మాంగ్ ఇండ్లల్లో దాన్ని చాన్యా అంటారని షాహు పాటోళే రాసిండు. పేర్లు వేరు, చేసే పని ఒక్కటే.

ఆ పని ఎట్లుంటదో వరుసగా చెప్పాలి. ఎందుకంటే తెలుగులో అచ్చయిన వంటల పుస్తకాల్లో ఆవకాయకు కొలతలు దొరికినంత తేలిగ్గా దీనికి దొరకవు. మాంసాన్ని ముక్కలుగా కాదు, కండ వాలు చూసుకుని, పొడుగు తాడులాగా కోస్తారు. ఒకే కండను తెగకుండా అటొక మడత ఇటొక మడత విప్పుతూ పోవడం ఒక విద్య. కొవ్వు తీసి పక్కన పెడతారు, ఎందుకంటే ముందు చెడేది కొవ్వే. ఉప్పు, పసుపు పట్టించి ఒక పూట నీరు దిగనిస్తారు. తర్వాత దండెం. మంచి ఎండ అయితే మూడు నాలుగు రోజులు. కాకి, కుక్క, ఈగ, మబ్బు – ఈ నలుగురు శత్రువులను ముసలమ్మో, బడికి పోని పిల్లో కాపలా కాయాలి. ముసురు పట్టిందంటే ఆ దండలు ఇంట్లోకి వస్తాయి, పొయ్యి మీది దూలానికి వేలాడతాయి. అక్కడ రోజూ రెండు పూటలా వంట పొగ. వేరే కట్టె లేదు, వేరే ఖర్చు లేదు, వేరే టైము లేదు. ఎట్లాగూ కాల్చే కట్టె పొగను వృథా పోనీయకుండా వాడుకోవడం అది. ఎండినాక కట్టెలాగా విరగాలి. విరిగితేనే కుండలో పెడతారు.

తినేటప్పుడు నిప్పుల మీద కాల్చి రోట్లో దంచుతారు, లేదా వేడినీళ్లలో నానబెట్టి వండుతారు. చింతచిగురులో, పుంటికూరలో, చిక్కుడు గింజల్లో గుప్పెడు వేస్తే కుండెడు కూరకు రుచి వస్తుంది. దానికీ లెక్క ఉంది: మాంసం తక్కువ, తినే నోళ్లు ఎక్కువ, జొన్నరొట్టె గట్టిది. వానాకాలంలో కూలి దొరకని రోజుల్లో ఆ కుండే ఇంటి బ్యాంకు.

ఇందులో ఎంత జ్ఞానముందో చూడండి. శరీర నిర్మాణం తెలియాలి, ఉప్పు మోతాదు తెలియాలి, గాలి తేమ తెలియాలి, కట్టె గుణం తెలియాలి. ఇదే జ్ఞానం కాలేజీలో చెప్తే ఫుడ్ టెక్నాలజీ అవుతుంది, దానికి డిగ్రీ ఉంటుంది. వాడలో ముసలమ్మ చేస్తే అది 'అలవాటు' అవుతుంది. మనువాదం చేసిన పెద్ద దోపిడీల్లో ఇదొకటి: మన శ్రమను తీసుకోవడమే కాదు, మన శ్రమలోని తెలివిని తెలివిగా లెక్కలోకి రానీయకపోవడం.

అయితే నేనొక జాగ్రత్త కూడా చెప్పాలి. దళిత వాడ ఒక్కటే ఎండబెట్టలేదు. చెరువు చేపను, వాన చేపను బెస్త, ముదిరాజ్ ఇండ్లు ఎండబెట్టినయి. గోదావరి అడవుల్లో కోయలు ఎండబెట్టినరు. కోస్తాలో ఎండుచేప, ఎండురొయ్య లేని పేదల వంటిల్లు లేదు. నిలవ పెట్టుకోవడం శ్రమ కులాలన్నింటి విద్య. కాని ఎండుచేప అంగట్లో కుప్పపోసి అమ్ముతారు, వట్టి తునక మాత్రం చీరకొంగు కింద చేతులు మారుతుంది. పేద తిండ్లన్నీ ఒక మెట్టు మీద లేవు, వాటి మధ్య కూడా అంటు ఉంది. దీన్ని మరిచిపోయి 'బహుజన ఆహారం' అని అన్నింటినీ ఒకే కుండలో వేస్తే అడుగున ఉన్నది మళ్లీ అడుగునే ఉంటది.

4

భాష సంగతికి వద్దాం. మాంసం, చేప కూరకు తెలంగాణలో వాడే మామూలు మాట 'నీసు'. 'ఈ రోజు నీసు తినం' అని అన్ని కులాలవాళ్లూ అంటారు. దాని పక్కనే 'నీచు' ఉంది. చేపను నీచు అనడం, మనిషిని నీచుడు అనడం రెండూ ఒకే నోటి నుంచి వస్తాయి. పండితులు వ్యుత్పత్తులు వేరని చెప్పొచ్చు. చెప్పనీయండి. వినేవాని చెవికి మాత్రం రెండూ ఒక్కటిగనే తగులుతాయి. 'కౌసు' అనే మాట చూడండి, మాంసం వాసనకు ప్రత్యేకంగా పుట్టిన చీదర మాట అది. కాలిన వాసనకు 'కమురు'. నెయ్యి కాగితే మాత్రం 'కమ్మదనం'. పసిపిల్లకు తలంటి పోసి సాంబ్రాణి పొగ పడితే అది దీవెన. హోమగుండంలో నెయ్యి, సమిధలు కాలిన పొగ పవిత్రం. కొత్త ఫ్లాటులో గృహప్రవేశం నాడు ఆ పొగ మూడంతస్తులు నింపినా, ఏ అసోసియేషనూ నోటీసు బోర్డు మీద కాయితం అంటించదు.

ముక్కుకు కులం లేదు, పుట్టుకతో ఏ ముక్కూ అసహ్యం నేర్చుకుని రాదు. అసహ్యం నేర్పుతారు. ఇంట్లో నేర్పుతారు, బళ్లో నేర్పుతారు, భాష నేర్పుతుంది. తెలుగు నిఘంటువు మనకు వాసనలకు మార్కులేసి ఇచ్చింది. వాటిల్లో మన వంటింటికి పాస్ మార్కులు రాలేదు.

గ్రంథాల్లో మాంసం లేదా అంటే, ఉంది. కల్యాణ చాళుక్య రాజు మూడో సోమేశ్వరుని పేర 12వ శతాబ్దంలో వచ్చిన 'మానసోల్లాస' సంస్కృత గ్రంథంలో రాజభోజనం గురించిన భాగం చూడండి. మాంసం, చేప వంటలు ఎంత వివరంగా ఉన్నాయో! నవాబుల వంటిళ్ల నుంచి వచ్చిన పద్ధతి ఒకటుంది: వండిన మాంసం మధ్య చిన్న గిన్నెలో నిప్పుకణిక పెట్టి, దాని మీద నెయ్యి చుక్కేసి, వెంటనే మూత పెడతారు. ఆ పొగ మాంసానికి పడుతుంది. దుంగార్ అంటారు. ఈ నగరం దాన్ని నెత్తిన పెట్టుకుంటుంది. అంటే మాంసానికి పొగబెట్టడం ఏనాడూ తప్పు కాదు. రాజు చేస్తే భోగం, నవాబు చేస్తే నజాకత్, స్టీలు పెట్టె కొన్నవాడు చేస్తే అభిరుచి. వాడ చేస్తేనే అది కౌసు.

దళిత సాహిత్యం ఈ లెక్కను తిరగేసింది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు తర్వాత తెలుగులో వచ్చిన దళిత కవిత్వం – 1995లో 'చిక్కనవుతున్న పాట', 1996లో 'పదునెక్కిన పాట' – మన బతుకును మన మాటల్లో చెప్పుకోవడానికి దారి చేసింది. నాగప్పగారి సుందర్రాజు 'మాదిగోడు' కథలు 1997లో వచ్చినయి. 2012లో నవయాన ఇంగ్లీషు అనువాదంలో ప్రచురించిన గోగు శ్యామల కథల్లో మాదిగవాడ జాలిపడే చోటుగా గాక, పని తెలిసిన, లోకం తెలిసిన చోటుగా కనబడుతుంది. 2009లో పుణే విశ్వవిద్యాలయంలో షర్మిలా రేగే తన విద్యార్థులతో కలిసి దళిత ఆత్మకథల్లోని తిండి జ్ఞాపకాలను సేకరించి, ఈ పళ్లెం భారతీయం కాదా అని అడిగింది. 2015లో షాహు పాటోళే మరాఠీలో 'అన్న హే అపూర్ణబ్రహ్మ' రాసిండు. అన్నం పూర్ణబ్రహ్మమని చెప్పేవాళ్ల పూర్ణంలో మా తిండి లేదు గనుక అది అపూర్ణమే అని ఆ పేరే వాదిస్తుంది. 2024లో అది ఇంగ్లీషులోకి వచ్చింది.

తెలుగులో అట్లాంటి పుస్తకం ఎక్కడుంది? కవితలో తునక ఉంది, కథలో తునక ఉంది, సభలో తునక నినాదమయింది. కొలతతో, పద్ధతితో, పేరుతో తునక లేదు. మనం దాన్ని గుర్తుగా వాడుకున్నం గాని విద్యగా రాసుకోలేదు. ఇది అగ్రవర్ణాల తప్పు కాదు, మన తప్పు.

5

మన తప్పుల గురించి మొదలుపెట్టిన గనుక ఇంకొన్ని కూడా చెప్పాలి.

మొదటిది, తునకను పాయసం చేసి మాట్లాడటం. 'మా అమ్మ తునకల కూర' అని రాసేటప్పుడు మనకు నోరూరుతుంది, కండ్లు చెమరుస్తయి. కాని ఆ కుండలోకి మాంసం ఎట్ల వచ్చింది? చాలా ఊళ్లల్లో అది కొన్న మాంసం కాదు. దొర కొట్టంలో చచ్చిన గొడ్డును మోసుకుపోయే వెట్టికి కూలిగా మిగిలిన మాంసం. ఒక్కనాడే ఇంత మాంసం, ఆ తర్వాత నెలల తరబడి ఏమీ లేకపోవడం – ఈ ఎగుడుదిగుడే ఎండబెట్టే విద్యను పుట్టించింది. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం తినడం మానండని పిలుపునిచ్చిండు. 1948లో ఆయన రాసిన అంటరానివాళ్లు ఎవరు అనే పుస్తకంలో అంటరానితనం పుట్టుకకూ గొడ్డుమాంసానికీ సంబంధం చూపించిండు: బ్రాహ్మణులు మాంసం మాని గోపూజ మొదలుపెట్టినంక, తింటూ ఉండిపోయిన చెదిరిన మనుషులు వెలి అయినరని ఆయన వాదం. ఈ రెండింటినీ ఎదురెదురు పెట్టి కొందరు అంబేద్కర్ మాంసానికి వ్యతిరేకమంటారు. కాదు. ఆయన వ్యతిరేకించింది కులం కట్టబెట్టిన చావు కూలిని. తిండిని ఎంచుకునే హక్కును కాదు. కాబట్టి తునక గురించి మాట్లాడేటప్పుడు అందులోని నేర్పును గౌరవించాలి, అందులోని బలవంతాన్ని దాచకూడదు. ఒకటి చెప్పి ఒకటి మింగితే అది సాహిత్యం కావచ్చు, చరిత్ర కాదు.

రెండోది, పొగ ఎవరు పీల్చినరు అనే ప్రశ్న. దూలానికి వేలాడిన మాంసానికి పట్టిన పొగ మా అమ్మమ్మ ఊపిరితిత్తులకు కూడా పట్టింది. ఊదుడు గొట్టం పట్టుకుని నలభై ఏండ్లు పొయ్యి ముందర కూసున్న ఆడమనిషి దగ్గు మన కవిత్వంలో ఎక్కడుంది? కట్టెలు, పిడకలు వంటి పొయ్యి పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా దాదాపు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చి గ్యాసు ఇంటికి చేరినప్పుడు మన ఆడవాళ్లు కట్టెపొయ్యి కోసం ఏడవలేదు, ఊపిరి పీల్చుకున్నరు. పొయ్యి పోయింది, పొగ పోయింది, దూలం పోయి స్లాబు వచ్చింది. తునక ఆరే చోటు కూడా పోయింది. ఈ నష్టం, ఆ లాభం రెండూ నిజం. పాత పొయ్యిని తిరిగి తెమ్మని ఏ మగ కవి అయినా రాస్తే, ముందు ఆ పొయ్యి తనే ఊదాలి.

మూడోది ఆరోగ్యం. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఉప్పుబెట్టిన, పొగబెట్టిన, నిలవబెట్టిన మాంసాలను క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. ఇది మన తునకకూ వర్తిస్తుంది, దుంగార్‌కూ వర్తిస్తుంది, స్టీలు పెట్టెకూ వర్తిస్తుంది. వారానికి గుప్పెడు కూరలో వేసుకోవడం వేరు, రోజూ తినడం వేరు. కట్టె భగ్గున మండకుండా రాజేయడం, కొవ్వు నిప్పుల మీద కారకుండా చూడడం వల్ల ఆ హాని తగ్గుతుంది. మనదన్నందుకు దాని చెడును కప్పిపెట్టనవసరం లేదు. శాస్త్రాన్ని శాస్త్రంగా తీసుకుందాం. అయితే క్యాన్సర్ పేరు చెప్పి తునకను తప్పుపట్టేవాడు అదే నోటితో హోటల్లో స్మోక్డ్ చికెన్ ఆర్డరిస్తే, అతన్ని అడిగే హక్కు మనకుంది.

6

ఇక నగరం.

ఇల్లు అద్దెకివ్వబడును, వెజిటేరియన్స్ ఓన్లీ – ఈ బోర్డు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ సందులోనైనా దొరుకుతుంది. కులం అడగడం మర్యాద కాదు గనుక కూర అడుగుతారు. కోడి తినే అగ్రకులాల కిరాయిదారుకు అదే బోర్డు ఉన్న ఇంట్లో గది దొరకడం కూడా మనం చూస్తున్నం. బోర్డు మాంసం గురించి కాదని అప్పుడు అర్థమయితది.

ఇది మన ఒక్కరి మీదనే పెట్టిన పొగ కాదు. 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులకు ఒక పుస్తకం వేసిండ్రు. వెదురు మొలకలు, అఖునీ లాంటి వాసన వచ్చే వంటలు ఇరుగుపొరుగుతో గొడవ రాకుండా చేసుకోవాలని అందులో సలహా. భద్రత కోసం వేసిన పుస్తకంలో నిందితుడు దాడి చేసేవాడు కాదు, కూర! ఆ సంగతి మీద 'అఖోనీ' అనే సినిమా 2019లో వచ్చింది: పెళ్లికోసం పొగబెట్టిన పంది మాంసం, అఖోనీ వండటానికి ఢిల్లీలో చోటు వెతుక్కునే స్నేహితుల కథ. నవ్విస్తూనే అది చెప్పేది మా బాలాపూర్ డాబా కథే.

బాలాపూర్ చూడండి. ఒకప్పటి ఊరు, 2016లో మండల కేంద్రమయింది. ఒక దిక్కు రక్షణ పరిశోధన సంస్థలు, ఒక దిక్కు పాత కంచెలు ప్లాట్లయిన కాలనీలు, ఇంకో దిక్కు బర్మా నుంచి తరిమితే వచ్చి రేకుల గుడిసెల్లో తలదాచుకున్న రోహింగ్యాలు. ఎండుచేప వాళ్ల ఇండ్లల్లోనూ ఇష్టమైన తిండే. రాజ్యం లేని మనిషికి కూడా తాడు మీద ఆరేసుకునే చేప ఉంటుంది.

ఈ ఊరి పేరు రాష్ట్రమంతా తెలిసింది మాత్రం ఇంకొక తిండితో. 1994లో 450 రూపాయలతో మొదలైన బాలాపూర్ గణేశుని లడ్డూ వేలం 2024లో 30 లక్షలు దాటింది, 2025లో 35 లక్షలు పలికింది. టీవీలు లైవ్ ఇస్తాయి, పత్రికలు మొదటి పేజీలో వేస్తాయి. ఎవరి భక్తి వాళ్లది, దాని మీద నాకు పేచీ లేదు. నేను చూసేది ఒకటే: ఒకే ఊరిలో ఒక తిండికి నడివీధిలో వేలం, ఇంకొక తిండికి డాబా మీద తాళం. బహిరంగంగా ఉండే హక్కు తిండికి కూడా ఉంటుందని, ఆ హక్కు కూడా కులాన్ని బట్టే పంచబడిందని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఊరు ఇంకోటి లేదు.

చట్టం ఏమంటుంది? 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ఆవును, దూడను చంపడాన్ని నిషేధించింది. ఎద్దు, దున్న లాంటి వాటి విషయంలో అధికారి ధ్రువీకరణ కావాలంది. అంటే అంగట్లో పద్ధతి ప్రకారం దొరికే పెద్దకూర తినడం ఇక్కడ నేరం కాదు. అయినా 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే దాడి జరిగింది, రక్తం కారింది. చట్టం ఇచ్చిన చోటును సమాజం ఇవ్వలేదు. ఆ పండుగ అవసరమైనదే, దాని ధైర్యం గొప్పదే. కాని పండుగ ఒక్కరోజు. దండెం ఏడాదంతా. క్యాంపస్‌లో ఒక పూట తినే హక్కు కోసం మనం కొట్లాడినం. కిరాయి ఇంటి డాబా మీద ఆరేసుకునే హక్కు కోసం ఇంకా నోరు తెరవలేదు.

7

స్టీలు పెట్టె దగ్గరికే తిరిగి వస్తా. నేను దానికి శత్రువును కాను. నిజానికి మా ఇంట్లో ఇప్పుడు అది ఉంది. మూత పడుతుంది గనుక వాసన తక్కువ బయటికి పోతుంది, పొగ తక్కువ ఊపిరిలోకి పోతుంది. అమ్మ వయసుకు అది మంచిదే. కాని ఒక్క విషయం గమనించాలి. మూత పెట్టిన పెట్టె మన తిండిని నగరంలో బతకనిస్తుంది, దాచిపెట్టుకుని. వాసన బయటికి రాకుండా తినగలిగితే ఇల్లు దొరుకుతుంది. ఇది పరిష్కారమా, లొంగుబాటా? సహోద్యోగి ఇంట్లో ఆ మూత రుచి కోసం, మా ఇంట్లో ఆ మూత కిరాయి కోసం. వస్తువు ఒక్కటే అయినా వాడకం ఒక్కటి కాదు.

అందుకని నాకు తోచిన పనులు మూడు చెప్తా. విద్యార్థులు సెలవులకు ఊరికి పోయినప్పుడు వాడలో ముసలమ్మల దగ్గర కూసుని, ఏ కండ ఎట్ల కోస్తరు, శేరు మాంసానికి ఎంత ఉప్పు, ఏ కార్తెలో ఎన్ని దినాలు, ఏ కట్టె పనికిరాదు – ఇవన్నీ వాళ్ల మాటల్లోనే రాసుకురావాలి. జ్ఞాపకంగా కాదు, పద్ధతిగా. రాసేటప్పుడు ఆ మాంసం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు మోసిండ్రో, ఎవరు పొగ పీల్చిండ్రో అది కూడా రాయాలి. ఉపాధ్యాయులు వాసన గురించి, అసహ్యం గురించి తరగతిలో మాట్లాడాలి, ఎందుకంటే టిఫిన్ డబ్బా మూత తీయడానికి జంకే పిల్ల ప్రతి బళ్లో ఒక్కతైనా ఉంటుంది. కార్యకర్తలు కిరాయి ఇండ్ల వివక్షను ఇంటి గొడవగా కాక అంటరానితనంగా లెక్కగట్టాలి, ఎవరిని ఏ సాకుతో ఖాళీ చేయించిండ్రో ఊరూ తేదీతో సహా నమోదు చేయాలి. పొగబెట్టి పంపినవాళ్లు ఎప్పుడూ సాక్ష్యం మిగల్చరు. సాక్ష్యం మనమే రాసుకోవాలి.

మొదటి సాక్ష్యంగా మా ఇంటిదే రాసిన. రెండు గదులు, డాబా మెట్లకు తాళం, అరగంట తగ్గిన నల్లా. సామాను ఎక్కించే రోజు దండెం మీద ఇంకా సగమే ఆరిన తునకలున్నాయి. అమ్మ తాళం తీయించుకుని పైకి పోయి, వాటిని ఒక్కొక్కటి విప్పి, పాత చీరలో మూటగట్టుకుని డీసీఎంలో ఒళ్లో పెట్టుకుని కూసుంది. కొత్త ఇంట్లో ఆరేయడానికి చోటు దొరికేసరికి మూడు దినాలయింది. అప్పటికి అవి చెడిపోయినయి.